మెయిళ్ల బందెలదొడ్డి

పినాకిని జీవాల టీకాల సంస్థలో సమాచార భద్రత అనే సమస్య ఒక సోమవారం ఉదయం పదకొండింటికి పుట్టింది. పది యాభై తొమ్మిది దాకా అలాంటి సమస్య ఉన్నట్టు అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ ఉదయం డైరెక్టర్ పురుషోత్తమరాజు గారు తన మొలల బాధ గురించి కుటుంబ వైద్యుడికి ఈమెయిల్ రాశారు. ఎప్పటి నుంచి, ఎంత, ఏ కుర్చీలో కూర్చుంటే ఎక్కువ, ఏ కూర తింటే మరీ ఎక్కువ, అన్నీ ఒక శాస్త్రవేత్తకు తగినట్టు వివరంగా రాశారు. పంపేటప్పుడు మాత్రం వైద్యుడి పేరు మీద కాక దాని పైనున్న ‘అందరికీ’ అనే మాట మీద నొక్కారు. సంస్థ సిబ్బందికి, నాలుగు జిల్లాల పశువైద్యులకు, గొర్రెల పెంపకందార్ల సంఘాలకు కలిపి ఆరువందల పద్నాలుగు మందికి ఆ మెయిల్ చేరింది. భోజనాల వేళకు ముప్పై ఎనిమిది జవాబులు వచ్చాయి. ఒక సంఘాధ్యక్షుడు కరక్కాయ పొడి వాడి చూడమన్నాడు. ఉద్యోగంలో కొత్తగా చేరిన పశువైద్యుడొకడు, అలవాటు కొద్దీ, బరువెంతో చెబితే మోతాదు చెబుతానన్నాడు.

మర్నాడు పాలకమండలి అత్యవసరంగా కూర్చుంది. డైరెక్టర్ గారి వేలు జారిందని ఎవరూ అనలేదు. అనగలిగిన వాళ్లెవరూ ఆ గదిలో లేరు. ‘సంస్థ అంతర్గత సమాచారానికి తగు రక్షణ కవచం లోపించినందున సంభవించిన ఘటన’ అని తీర్మానంలో రాసుకున్నారు. వారం తిరక్కుండా సమాచార గోప్యతా విభాగం వెలిసింది. దానికి ప్రత్యేకాధికారిగా గరుడాచలం గారు వచ్చారు.

గరుడాచలం గారు అంతకుముందు పద్దెనిమిదేళ్లు పరీక్షల ప్రశ్నపత్రాలకు కాపలా అధికారిగా పనిచేశారు. ఆయన హయాంలో ప్రశ్నపత్రం మూడుసార్లు మాత్రమే బయటికి పొక్కింది. ఆ మూడుసార్లూ లక్క సీళ్లు చెక్కుచెదరలేదని ఆయన ప్రతి కొత్త మనిషికీ చెప్పేవారు.

వచ్చిన రోజే సిబ్బందిని సమావేశపరిచారు.

“ఈమెయిల్ అనునది సంస్థకు నాడి వంటిది. నాడిని ఎవరు పడితే వారు పట్టుకొనుటకు వీలులేదు. రేపటి నుండి ప్రతి మెయిల్‌కూ తాళం ఉంటుంది. తాళం తెరిచే సంకేతపదం పదహారు అక్షరాలకు తగ్గరాదు. దానిని మెయిల్‌లో పంపరాదు, ఫోనులో చెప్పరాదు. లక్క సీలు వేసిన కవరులో, రిజిస్టర్డ్ పోస్టు ద్వారా మాత్రమే పంపవలెను.”

వెనక వరసలోంచి వన్నూరమ్మ లేచింది. ఆమె డిస్పాచ్ సెక్షన్ సూపరింటెండెంట్. ఏ మండలానికి ఎన్ని టీకా సీసాలు పోవాలి, ఏ బస్సులో ఏ ఐసు పెట్టె ఎక్కాలి అనేది ఇరవై ఆరేళ్లుగా ఆమె చేతిమీదుగా జరుగుతోంది. యాభై రెండేళ్ల మనిషి. నుదుటి మీద పెద్ద బొట్టు, చేతిలో ఎప్పుడూ ఒక రీఫిల్ పెన్ను.

“సార్, మెయిల్ ఒక నిమిషంలో పోతాది. రిజిస్టర్డ్ కవరు చేరేకి ఐదు దినాలు పడ్తాది. అంటే మెయిల్ తెరిచేకి గూడా ఐదు దినాలా?”

“సరిగ్గా గ్రహించారు.”

“మరి ఆ కవర్లోనే విషయం గూడా రాసి పంపేస్తే?”

గరుడాచలం గారు ఆమె వైపు జాలిగా చూశారు. “అప్పుడు మెయిల్‌కు భద్రత ఎక్కడమ్మా?”

వన్నూరమ్మ కూర్చుంది. ‘ఐదు దినాలు’ అని పెన్నుతో అరచేతి మీద రాసుకుంది.

రెండో వారంలో రెండో ఉత్తర్వు వచ్చింది. మెయిల్ తెరవకుండానే పై వరస చూసి లోపల ఏముందో దుండగులు ఊహించే ప్రమాదం ఉంది కనుక, ఇకపై విషయం రాయాల్సిన చోట ఎవరూ విషయం రాయకూడదు. అందరూ ఒకే మాట రాయాలి. ఏ మాట రాయాలో కమిటీ మూడు సార్లు కూర్చుని తేల్చింది. ఆనాటి నుంచి సంస్థలో ప్రతి మెయిల్ నెత్తిన ‘విషయం: విషయం’ అని ఉండేది. క్యాంటీన్‌లో ఉప్మా చాలడం లేదన్న ఫిర్యాదూ, కోల్డ్‌రూమ్‌లో కరెంటు పోయిందన్న కబురూ ఒకే ముఖంతో వచ్చేవి. కరెంటు మెయిల్‌ను ఉప్మా మెయిల్ అనుకుని క్యాంటీన్ కమిటీ రెండు రోజులు దగ్గర పెట్టుకుంది. స్టోర్ కీపర్ బాబాఫక్రుద్దీన్ స్వయంగా మెట్లెక్కి వచ్చి జనరేటర్ వేయించుకోకపోతే ఆ వేసవి టీకాలన్నీ పాడైపోయేవే.

ఇవన్నీ సంస్థ లోపల రాసే మెయిళ్లు. బయటి నుంచి లోపలికి వచ్చే వాటిని ఏం చేయాలన్నది గరుడాచలం గారిని వేధిస్తూ వచ్చింది. దానికి పరిష్కారం ఆయనకు సంస్థ ఆవరణలోనే దొరికింది. ఒక సాయంత్రం నడకకు వెళ్తూ, ప్రయోగాల కోసం పెంచే గొర్రెల దొడ్డి పక్కన కొన్ని జీవాలను విడిగా కట్టేసి ఉంచడం చూశారు.

“ఇవి చేసిన తప్పేమిటి?” అని కాపరిని అడిగారు.

“తప్పేం లేదు సార్. సంత నుంచి కొత్తగా తెచ్చినాం. ఏ రోగం మోసుకొచ్చినాయో తెలీదు గదా. పద్నాలుగు దినాలు ఇట్ల ఎడంగా పెట్టి, బాగుంటే మందలో కలుపుతాం.”

గరుడాచలం గారు అక్కడే నిలబడిపోయారు. మర్నాటికి మూడో ఉత్తర్వు తయారైంది. బయటి నుంచి వచ్చే ప్రతి మెయిల్‌ను పద్నాలుగు రోజులు ‘పరిశీలనా ఏకాంతం’లో ఉంచుతారు. ఆ పద్నాలుగు రోజుల్లో దాని నుంచి ఏ హానీ కనిపించకపోతే పదిహేనో రోజు సంబంధిత సెక్షన్‌కు పంపుతారు. వాటి నెత్తిన కూడా ‘విషయం: విషయం’ అనే ఉండాలి. సంస్థ తన శాస్త్రాన్ని తన పరిపాలనకు అన్వయించుకున్న తొలి సందర్భమని డైరెక్టర్ గారు నోట్ ఫైలులో మెచ్చుకున్నారు. సిబ్బంది మాత్రం దాన్ని బందెలదొడ్డి అన్నారు. ఊళ్లో చేలల్లో పడ్డ పశువులను పట్టుకెళ్లి కట్టేసే చోటు పేరు అది.

ఏకాంతంలో ఉన్న మెయిల్‌ను ఎవరూ చదవకూడదు. గరుడాచలం గారు కూడా చదవరు. “కాపలా మనిషికి సరుకేమిటో తెలియరాదు. నేను పద్దెనిమిది సంవత్సరాలలో ఒక్క ప్రశ్న చదివి ఎరుగను” అనేవారు.

జూన్ రెండో వారంలో, ఒక మంగళవారం, డిస్పాచ్ సెక్షన్‌లో ఫోను మోగింది. గుండుమల మండలం పశువైద్యురాలు డాక్టర్ ఫర్హానా.

“వన్నూరమ్మక్కా, పొద్దున ఒక మెయిల్ పంపినా. చూసినారా?”

ఫోను పక్కన గోడకు గోప్యతా విభాగం అంటించిన కాగితం ఉంది. వన్నూరమ్మ దాన్ని చూస్తూ చెప్పింది.

“మెయిల్ వచ్చిందో రాలేదో చెప్పకూడదంట మేడం.”

“అంటే వచ్చిందా?”

“అది గూడా చెప్పకూడదు.”

“అక్కా, ఎగతాళి చేసే టైం కాదు. ఈడ జీవాలు...”

“వద్దు మేడం!” వన్నూరమ్మ గొంతు తగ్గించింది. “మెయిల్లో ఉండేది ఫోన్లో మాట్లాడొద్దు. రికార్డవుతాంది. మీకు గూడా నోటీసు వస్తాది.”

అవతల ఎక్కడో గొర్రె అరుపు వినిపించింది.

“సరే అక్కా. మెయిల్లో లేంది చెప్తా. ఈడ వాన పడింది. గడ్డి మొలిచింది.”

ఫోను పెట్టేసింది.

వన్నూరమ్మ రిసీవరు చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది. ఆమె గొర్రెలు కాసే కురుబ ఇంట్లో పుట్టిన మనిషి. తొలి వానకు లేత గడ్డి మొలిచిందంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెకు పదేళ్లప్పుడు వాళ్ల నాయన మంద అలాగే పోయింది. పొద్దున ఆ లేత గడ్డి కడుపునిండా మేసిన గొర్రెపిల్లలు సాయంత్రానికి ఎగిరిపడి, కాళ్లు తన్నుకుని చచ్చిపోయాయి. చిటుక రోగం. చిటికె వేసినంతలో అయిపోతుంది. రెండు రోజుల్లో తొంభై జీవాల్లో పదిహేడు మిగిలాయి. ఆ తర్వాత వాళ్ల నాయన మళ్లీ కర్ర పట్టలేదు. టీకాల సంస్థలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె చాలామందిలా అది సర్కారు ఉద్యోగం కాదే అని బాధపడలేదు.

లేచి గరుడాచలం గారి గదికి వెళ్లింది.

“సార్, గుండుమల నుంచి ఒక మెయిల్ వచ్చిండాది. దాన్ని ఇప్పుడే తెరవాల.”

“అందులో ఏమున్నది?”

“టీకాలు అడిగుంటారు సార్. అర్జెంటు.”

గరుడాచలం గారు కళ్లజోడు తీశారు. “మీకు ఎట్లు తెలిసినది? మీరు ఆ మెయిల్ చదివితిరా?”

“లేదు సార్.”

“చదవనప్పుడు అది అత్యవసరమని మీరు చెప్పజాలరు. చదివి ఉన్నచో ఉత్తర్వు ఉల్లంఘించినట్లు. ఏది?”

“చదవలేదు సార్.”

“అయితే అందులో ఏమున్నదో మీకు తెలియదు.”

“తెలీదు సార్.”

గరుడాచలం గారి ముఖం వికసించింది. “చూశారా, వ్యవస్థ ఎంత చక్కగా పనిచేయుచున్నదో! పదిహేనవ రోజున రండి.”

“పదిహేను దినాలకు ఆడ తెరిచేకేం ఉండదు సార్, పూడ్చేకి తప్ప.”

“ఆవేశపడకండి. ఆవేశంలోనే సమాచారం జారుతుంది.”

మర్నాడు పొద్దున పదింటికి గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడని కబురు వచ్చింది. వాచ్‌మన్ అతని దగ్గర ఫోను, పెన్‌డ్రైవు ఉన్నాయేమోనని వెతికి, భుజం మీది గొంగడి దులిపి చూసి లోపలికి వదిలాడు. అతని పేరు ఎర్రిస్వామి. గుండుమల పక్కన పల్లె. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చాడు.

“డాక్టరమ్మ నిన్ను కలవమనె అమ్మా,” అంటూ తలగుడ్డ విప్పాడు. మడతల్లోంచి చెమటకు తడిసిన చీటీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. మందుల చీటీ వెనక ఫర్హానా చేతిరాత: ‘చిటుక రోగం. రెండు మందల్లో మొదలైంది. చుట్టూ పదకొండు పల్లెలు. ఆరువేల జీవాలకు టీకా కావాలి. వెంటనే.’ కింద సంతకం, ఆస్పత్రి ముద్ర.

“నీవి ఎన్ని పోయినాయన్నా?” అని అడిగింది వన్నూరమ్మ.

“మొన్న నాలుగు. నిన్న ఏడు.” అతడు వేళ్లు ముడిచి చూసుకున్నాడు. “ఈ పొద్దు లెక్క తెలీదు. పొద్దున లేచి ఇట్లే వచ్చేస్తిని.”

మంచినీళ్లు ఇస్తే తాగాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

వన్నూరమ్మ చీటీని రెండుసార్లు చదివింది. తర్వాత బీరువా కింది అర తెరిచి, పాత స్టేషనరీ కట్టల కింది నుంచి ఒక గులాబీరంగు పుస్తకం బయటికి లాగింది. ఈమెయిళ్లు రాకముందు పశువైద్యులు టీకాలు కోరే ఇండెంట్లు ఆ చీటీల మీదే రాసేవాళ్లు. ఆ చీటీలు చెల్లవని ఎవరూ ఎప్పుడూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఆమె రీఫిల్ పెన్నుతో ఇండెంటు నింపి, ఫర్హానా చీటీని దానికి పిన్ను పెట్టి, కోల్డ్‌రూమ్‌కు దిగింది.

బాబాఫక్రుద్దీన్ గులాబీ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“దీన్ని చూసి ఎన్నేండ్లాయెనో! ఆ గోప్యం సారు ఒప్పుకున్న్యాడా?”

“ఆయప్పది మెయిళ్ల మీద పెత్తనం బాబన్నా. ఇది చీటీ.”

బాబాఫక్రుద్దీన్ ఆరువేల మోతాదులకు సరిపడా సీసాలు లెక్కపెట్టి ఐసు పెట్టెల్లో సర్దాడు. పన్నెండున్నర బస్సుకు పెట్టెలు ఎక్కాయి. వాటితో పాటు ఎర్రిస్వామి ఎక్కాడు. దోవలో పెట్టెలు ఎండలో ఉండిపోతాయేమోనన్న భయంతో వన్నూరమ్మ కూడా ఎక్కింది. సెలవు కాగితం రాసి పెట్టింది గాని, దాని మీద ‘విషయం: విషయం’ అని రాయడం మరిచిపోయింది.

ఫర్హానా అప్పటికే మందలను కొత్త గడ్డి మీదికి వదలొద్దని ఊరూరా చాటింపు వేయించింది. ఆ సాయంత్రం నుంచే సూదులు మొదలుపెట్టింది. టీకా పడగానే రోగం ఆగదు, రక్షణ రావడానికి రోజులు పడుతుంది. ఎర్రిస్వామి మందలో ఇంకో ఆరు పోయాయి. పక్క మందలో తొమ్మిది పోయాయి. చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం జీవాలు నిలబడ్డాయి.

వన్నూరమ్మ మూడో రోజు ఆఫీసుకు వచ్చేసరికి ఆమెకు ఒక మెయిల్ వచ్చి ఉంది. తాళం వేసి ఉంది. తాళం తెరిచే సంకేతపదం రిజిస్టర్డ్ పోస్టులో పంపామని గోప్యతా విభాగం వాళ్లు చెప్పారు. గోప్యతా విభాగం ఆమె కూర్చునే గదికి పైన మేడ మీద ఉంది. కవరు ఊరి తపాలా ఆఫీసుకు వెళ్లి, ముద్ర వేయించుకుని, ఐదో రోజు తిరిగి అదే మెట్ల కింద ఆమె చేతికి వచ్చింది. పదహారు అక్షరాలు కొట్టి తెరిచి చూస్తే అది చార్జి మెమో. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. ఆ గడువు దాటి రెండు రోజులైంది.

విచారణ ఆ నెలాఖరు మంగళవారం డైరెక్టర్ గారి గదిలో జరిగింది. గరుడాచలం గారు లేచి అభియోగం చదివారు.

“గుండుమల మెయిల్‌లోని పరమ గోప్య విషయమును, ఏకాంత గడువు తీరకమునుపే తెలుసుకొని, దానిపై అక్రమముగా చర్య తీసికొనిరి. అంగీకరిస్తారా?”

“ఆ మెయిల్లో ఏముందో నాకిప్పటికీ తెలీదు సార్. వాన పడిందని మాత్రం తెలుసు.”

“వానకు సంబంధించిన సమాచారం మీకు ఎవరు అందజేశారు?”

వన్నూరమ్మ ఆయన్ను వింతగా చూసింది. “మీ మీద గూడా పడింది గదా సార్.”

డైరెక్టర్ గారు దగ్గారు. “ఆమె తీసుకెళ్లిన చీటీ, ఆ మెయిల్ ఒకటేనా కాదా చూస్తే తేలిపోతుంది. ఆ మెయిల్ తెరవండి.”

గరుడాచలం గారు గడియారం చూసుకున్నారు. పదిహేనో రోజు మొదలై అప్పటికి నలభై నిమిషాలైంది. తెరవవచ్చు. అయితే కాపలా మనిషి సరుకు చదవకూడదు. డైరెక్టర్ గారు కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చారు. అందుకని, ముద్దాయినే చదవమన్నారు.

వన్నూరమ్మ తెర ముందు కూర్చుంది. అక్కడ ఆ రెండు వారాల్లో పశువైద్యులు పంపినవి ఇరవై మూడు మెయిళ్లు ఉన్నాయి. అన్నిటి మీదా ‘విషయం: విషయం’. పంపినవాళ్ల పేర్లు కూడా దాచేశారు. గుండుమలది ఏదో తెలియక ఆమె మొదటి నుంచి తెరవడం మొదలుపెట్టింది.

మొదటిది గుండుమలది కాదు, దాని దక్షిణాన ఉన్న మండలానిది. చిటుక రోగం, రెండువేల టీకాలు. రెండోది ఇంకో మండలం. నాలుగువేలు. మూడోదానిలో చచ్చిన గొర్రెపిల్లల ఫొటో ఉంది. ఆమె చదువుతూ పోయింది. ఐదోది, ఆరోది ఒకే డాక్టరు రాసినవి. మొదటిదానిలో ‘వెంటనే పంపగలరు’ అని ఉంది, రెండోదానిలో ‘దయచేసి పంపగలరు’ అని ఉంది. తొమ్మిదోది ఫర్హానాది. చీటీలో ఉన్న మాటలే. ఆ తర్వాతి వాటికి ఇంకా ఏకాంత గడువు తీరలేదు. డైరెక్టర్ గారు చాలు ఆపమంటారేమోనని గరుడాచలం గారు చూశారు. ఆయన ఆపమనలేదు. ఆమె కూడా ఆపలేదు. చివరి మెయిల్ నాలుగు రోజుల కిందటిది. దాన్ని ఆమె ఒక్కో మాటా ఆపి చదివింది.

‘అయ్యా, ఇదివరలో కోరిన టీకాలు ఇక పంపనక్కర్లేదు. ఆ మందలు అయిపోయినాయి.’

ఆమె తెర ముందు నుంచి లేచింది.

గరుడాచలం గారే మొదట తేరుకున్నారు. “అయినను ఒక విషయం గమనార్హం. ఈ ఇరవై మూడింటిలో ఒక్కటి కూడా బయటికి పొక్కలేదు.”

పురుషోత్తమరాజు గారు చదువుకున్నది పశువైద్యమే. ఉద్యోగంలో మొదటి పదేళ్లు మండలాల్లోనే తిరిగిన మనిషి. అది ఆయనకు ఆ కుర్చీలో గుర్తొచ్చి చాలా కాలమైంది.

“వన్నూరమ్మా, ఆ గులాబీ పుస్తకంలో చీటీలు ఎన్ని మిగిలాయి?”

“డెబ్బై దాకా ఉంటాయి సార్.”

“తీసుకురా.”

ఇంకా జీవాలు మిగిలిన ఊళ్ల ఇండెంట్లన్నిటి మీదా ఆయనే సంతకాలు పెట్టారు. కోల్డ్‌రూమ్‌కు స్వయంగా దిగి, బాబాఫక్రుద్దీన్‌తో పాటు పెట్టెలు మోశారు. సాయంత్రానికి తొమ్మిది బస్సుల్లో టీకాలు బయలుదేరాయి. కొన్ని ఊళ్లకు సమయానికి చేరాయి. కొన్ని ఊళ్లకు చేరలేదు.

ఆ తర్వాత గోప్యతా విభాగాన్ని మూసేశారని అనుకుంటే పొరపాటు. ఏర్పడిన విభాగాన్ని రద్దు చేయడానికి పాలకమండలి అధ్యక్షుడి అనుమతి కావాలి. ఆయన ఉండేది హైదరాబాదులో. అనుమతి కోరుతూ డైరెక్టర్ గారు రాసిన మెయిల్‌కు తాళం ఉంది. అధ్యక్షుడు పంపిన జవాబు బయటి నుంచి వచ్చిన మెయిల్ కనుక పద్నాలుగు రోజులు ఏకాంతంలో ఉంది. అది బయటికి వచ్చాక చూస్తే, ‘మీ మెయిల్ తెరుచుకోవడం లేదు’ అని ఉంది. ఈలోగా పశువైద్యులంతా మెయిళ్లు మానేశారు. చీటీలు రాసి బస్సు కండక్టర్ల చేతికీ, కాపర్ల చేతికీ ఇచ్చి పంపసాగారు. సంస్థకు వచ్చే మెయిళ్లు వారానికి రెండు మూడుకు దిగాయి. అవి కూడా గోప్యతా విభాగం తనకు తాను పంపుకునేవే. వన్నూరమ్మ మీద విచారణ మాత్రం తేలలేదు. నివేదిక తయారైంది గాని దాని సంకేతపదం గల కవరు తపాలాలో ఎక్కడో చిక్కుకుంది.

నవంబరులో, సహకార సంస్థల సమాఖ్య గరుడాచలం గారికి ఉత్తమ గోప్యతాధికారిగా పురస్కారం ప్రకటించింది. ఏడాదిలో ఒక్క సమాచారం కూడా బయటికి జారని ఏకైక సంస్థగా పినాకిని నిలిచిందట. సన్మానసభకు సిబ్బంది అంతా రావాలని ఉత్తర్వు వచ్చింది. వన్నూరమ్మకు అది అందలేదు. ఉత్తర్వు మెయిల్‌లో వచ్చింది.

సభ జరుగుతున్న వేళకు ఆమె గుండుమల పక్క పల్లెలో, ఫర్హానా పెట్టిన రెండో విడత టీకా శిబిరంలో ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఒక్కో గొర్రెను రెండు మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటోంది. ఫర్హానా సూది వేస్తోంది. ఎర్రిస్వామి తన మందను ఒక్కొక్కటిగా ముందుకు తోలుతున్నాడు.

“మీ పెద్దసారు రాల్యామ్మా?” అని అడిగాడు.

“ఏ పెద్దసారన్నా?”

“అదే, డాక్టరమ్మ చెప్తాంటాది. మెయిళ్లు దొడ్లో కట్టేసిన సారు.”

“ఈ పొద్దు ఆయప్పకు సన్మానం. శాలువా కప్పుతాండారు.”

“దేనికి?”

వన్నూరమ్మ తర్వాతి గొర్రెను దగ్గరికి లాక్కుంది. ఇంతకంటే సులువుగా చెప్పడం ఆమెకు చేతకాలేదు.

“ఎవురికీ ఏమీ చెప్పనందుకన్నా.”

ఎర్రిస్వామి కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఖాళీ అయిన దొడ్డి మూల వైపు చూశాడు.

“అట్లయితే నా పదిహేడు జీవాలకూ శాలువాలు కప్పాల్సిందే గదమ్మా,” అన్నాడు. “అవి గూడా ఎవురికీ ఏమీ చెప్పల్య. అట్లే సచ్చిపాయ.”